నలభై రెండు సీసాలతో తార్నాక

మా రాజోలు నుంచి వేళాంగణ్ణి వెళ్లినవాళ్లున్నారు, అరకు వెళ్లినవాళ్లున్నారు. తార్నాక చూసి రావడానికి టికెట్టు కొనుక్కున్నది మాత్రం నేనొక్కదాన్నే. "హైదరాబాద్ దాకా వెళ్లి చార్మినార్ చూడకుండా వచ్చావా?" అని పక్కింటి శాంతమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది. చూడలేదు తల్లీ. నేను చూసింది ఒక యూనివర్సిటీ, ఒక టిఫిన్ సెంటరు, ఒక రాతి గుట్ట, ఒక మైక్రోస్కోపు. వాటి గురించే చెప్తాను.

ఎందుకు వెళ్లానో ముందే చెప్పేయాలి. లేకపోతే ఈ ముసల్ది రేకుడబ్బా మోసుకుంటూ ఊరెందుకు తిరిగిందా అని మీరు తల పట్టుకుంటారు.

ముప్పై ఏళ్ల కిందట మా ఆయన దానియేలు గారు హిమాలయాల అడుగు కొండల్లో ఒక ఆయిల్ బావి దగ్గర కాంట్రాక్టు పని చేసేవారు. బావి తవ్వుతుంటే బురదతో పాటు పైకొచ్చే రాతి తునకల్ని జల్లెడ దగ్గర పట్టుకుని, కడిగి, ఆరబెట్టి, అవి ఎంత లోతులోంచి వచ్చాయో రాసి గుడ్డ సంచుల్లో కట్టడం వారి పని. ఆయిల్ బావులు మాకేం కొత్త కాదు. మా కోనసీమలో కొబ్బరి తోటల మధ్యే ఉంటాయి. కానీ మా దగ్గర భూమి పొరలు పొరలుగా బుద్ధిగా పడుకుని ఉంటుంది. కింద పాత రాయి, పైన కొత్త రాయి. ఎక్కడైనా అంతే అనుకున్నాం.

ఒకసారి వాన జల్లు షెడ్డులోకి కొట్టి సంచుల మీది సిరా కారిపోయింది. నా దస్తూరీ బాగుంటుందని వారు నలభై రెండు సంచుల్నీ మేముండే గదికి తెచ్చి, వరండాలో వరసగా పేర్చారు. "వరస కదపకు. రిజిస్టరు చూసి కొత్త చీటీలు కట్టు" అని డ్యూటీకి వెళ్లిపోయారు. చంటివాడికి ఆ రోజు జ్వరం. వాడు ఏడుస్తుంటే లోపలికెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇంటి ఓనరమ్మ మేక వరస మధ్యలో నిలబడి ఒక సంచి మూల నములుతోంది! అదిలిస్తే సంచుల్ని తొక్కుకుంటూ పరిగెత్తింది. ఎన్ని దొర్లాయో కూడా నేను చూసుకోలేదు. కంగారులో నాకు తోచినట్టు మళ్లీ పేర్చి చీటీలు కట్టేశాను. వారికి చెప్పలేదు. సాయంత్రం వారు ఒక్కో సంచిలోంచి చిటికెడు తీసి, కాంపౌండరు దగ్గర అడిగి తెచ్చుకున్న ఇంజెక్షన్ సీసాల్లో పోసుకున్నారు. తన ముచ్చట కోసం. వాటికీ నేనే గంజితో చీటీలు అంటించాను.

నెల తిరక్కుండా కొత్త ఇన్‌ఛార్జి వచ్చాడు. మా తీరపు బావుల దగ్గర పని నేర్చుకున్నవాడే. సంచులు విప్పి చూసి మండిపడ్డాడు. "పైన పాత రాయి, దాని కింద కొత్త రాయి, మళ్లీ దాని కింద పాత రాయా? సంచులన్నీ కలిపేశావు!" అని మా ఆయన్ని పనిలోంచి తీసేశాడు. మూటాముల్లే సర్దుకుని ఊరొచ్చేశాం. వారు సైకిల్ షాపు పెట్టుకున్నారు. సీసాలు బిస్కెట్ల రేకుడబ్బాలో అటకెక్కాయి. ఆ మాట వారూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నేను మాత్రం ఈ ముప్పై ఏళ్లలో మేకని చూసిన ప్రతిసారీ లోపల్లోపల చచ్చి బతికాను.

వారి పని పోవడానికి కారణం నేనేనా? అది తెలుసుకోవడానికే వెళ్లాను.

బౌద్ధనగర్

సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటో అతను నా డబ్బా ఎత్తబోయి ఆగిపోయాడు.

"ఏందమ్మా గింత బరువున్నది? బంగారమా?"

"రాళ్లు నాయనా."

"రాళ్లా! హైదరాబాదుకు రాళ్లు తెచ్చిన్రా? గీడ రాళ్లకేం తక్కువమ్మా, యాడ జూసినా గవే గదా!" అని దారంతా నవ్వుతూనే ఉన్నాడు. నూట యాభై అడిగి, దిగేటప్పుడు నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. ఆ రాళ్లేంటో చెప్పి ఉంటే వంద చాలనేవాడేమో.

బౌద్ధనగర్‌లో మా పిన్ని కూతురు రూతు ఉంటుంది. ఒక స్కూల్లో క్లర్కు. పాతికేళ్లుగా ఇక్కడే ఉండి మాట సగం మారిపోయింది. "అక్కా, నువ్వు పరేషాన్ అవ్వకు, స్నానం చెయ్" అంటుంది. స్నానమంటే మా ఊళ్లోలా కాలవ గట్టున కూర్చున్నంత సేపు కాదు. రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి కాబట్టి బకెట్టు లెక్క. నాకోసం చేపల పులుసు పెట్టింది పాపం. ముక్క నోట్లో పెట్టుకుంటే ఐసు రుచి. బాగుందనే చెప్పాను. ఆదివారం చర్చిలో బల్లారాధన అయ్యి ఇంటికొచ్చిన మొహంతో అబద్ధం ఆడినట్టయింది.

రూతు మేడ మీద గదిలో స్వరూప అని ఒకమ్మాయి అద్దెకుంటుంది. జనగామ వైపు రైతుల పిల్ల. యూనివర్సిటీలో కొండల కింద దాగిన ఆయిల్, గ్యాస్ మీద పీహెచ్‌డీ చేస్తోంది. రూతు ఫోన్లో ఆ ముక్క అనబట్టే నాకు ఈ ప్రయాణం తట్టింది. ఇంట్లో మాత్రం "రూతుని చూసొస్తానండీ" అని చెప్పి బయల్దేరాను.

సాయంత్రం ఆ పిల్ల వాళ్లమ్మ పంపిన సర్వపిండి పట్టుకుని కిందికి దిగింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి గిన్నెకి అద్ది కాల్చింది. మన దిబ్బరొట్టెకి చెల్లెలు అనుకోండి, కాకపోతే కారం పెత్తనం ఎక్కువ. తింటూనే అడిగాను, అంత దూరపు కొండల చదువు నీకెందుకమ్మా అని.

"మా నాయిన పొలంల ఏడు బోర్లు ఏసిండు ఆంటీ. ఒక్కదాంట్ల నీళ్లు పడలే. ఎనిమిదోది ఏస్తా అంటే మా అమ్మ మెషీన్‌కు అడ్డం పండుకున్నది. గప్పుడు అనుకున్న, అసలు భూమి లోపల ఏమున్నదో చదువుదామని. ఎండిన బావంటే నాకు కొత్త గాదు."

ఆ మాటతో నా నోరు తెరుచుకుంది. కట్టుకున్న మొగుడికి ముప్పై ఏళ్లుగా చెప్పని మేక సంగతి, పూట కూడా పరిచయం లేని పిల్లకి చెప్పేశాను. మొదట ఫక్కున నవ్వింది. నా మొహం చూసి ఆపుకుంది.

"సారీ ఆంటీ. ఏడ్వకున్రి. రేపు డబ్బ తీస్కొని డిపార్ట్‌మెంటుకు పోదాం."

గేటు దాటితే

తార్నాక అంతా ఫ్లాట్లూ, హాస్టళ్లూ, కోచింగు బోర్డులూ, మెట్రో కింద హారన్ల మోత. యూనివర్సిటీ గేటు దాటి నాలుగడుగులు వేస్తే ఆ గోల ఏమైపోయిందో తెలియదు. చెట్లు, మధ్య మధ్య ఏనుగంత బండరాళ్లు. ఆ బండల మీద పిల్లలు పుస్తకాలేసుకుని కూర్చుని ఉద్యోగాల పరీక్షలకి చదువుతున్నారు. ఒకబ్బాయి కళ్లు మూసుకుని నదుల పేర్లు వల్లిస్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఎలిమెంటరీ స్కూల్లో చెప్పినదాన్ని, ఆగకుండా ఉండగలనా! "గోదావరిని వదిలేశావు నాన్నా" అన్నాను. కళ్లు తెరిచి "థాంక్స్ మేడం" అని మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు.

"ఈ బండల్లో ఆయిల్ ఉంటుందా?" అని స్వరూపని అడిగాను.

"గీ రాయిల చుక్క కూడ ఉండదు ఆంటీ. ఇది కరిగి గడ్డకట్టిన రాయి. ఆయిల్ గావాలంటే సముద్రం అడుగున పేరుకున్న మట్టి గావాలె."

డిపార్ట్‌మెంటు గదిలో మైక్రోస్కోపు పక్కనున్న పాత బల్ల మీద పేపరు పరిచి సీసాలన్నీ వరసగా పెట్టింది. పెట్టగానే ఫోన్ తీసి ఫోటోలు తీసుకుంది. అదేదో ఫేస్‌బుక్కుకేమో అనుకుని లోపల విసుక్కున్నాను. చెమట పడుతోందని నేను వెళ్లి ఫ్యాను స్విచ్చి వేశాను.

వేసిన మరుక్షణం అయ్యో దేవా! ఎండిపోయిన గంజి చీటీలు పట్టు వదిలి అయిదారు గాల్లోకి లేచాయి. ఒకటి బీరువా కిందికి, ఒకటి నా కొంగు మీదికి. నేను పెట్టిన కేకకి పక్క గదుల్లోంచి ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. నేల మీద కూలబడి చీటీలు ఏరాను. అప్పుడు మేక, ఇప్పుడు ఫ్యాను. ఈ వరస పాడు చేయడానికే నేను పుట్టానా అని ఏడుపొచ్చేసింది.

స్వరూప నన్ను లేపి స్టూలు మీద కూర్చోబెట్టి ఫోన్ చూపించింది. "గిందుకే ముందు ఫోటో తీసిన ఆంటీ. ఏ సీసకు ఏ చీటీ ఉన్నదో అంతా కనవడ్తది. ఏం గాలే, నీళ్లు తాగున్రి."

చీటీలు మళ్లీ అంటించాం, ఈసారి టేపుతో. రెండు రోజులు టైము కావాలంది. మా ఆయన దాచినవి కదా, డబ్బా అక్కడ వదిలి రావడానికి కాళ్లు రాలేదు. గుమ్మం దాకా వచ్చి, వెనక్కెళ్లి, డబ్బా మీద ఒకసారి చెయ్యి వేసి వచ్చాను.

మౌలాలి

ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతుందని మర్నాడు రూతు సెలవు పెట్టి నన్ను మౌలాలి గుట్టకి తీసుకెళ్లింది. పైన దర్గా. కింద నుంచి మెట్లు, మెట్లు, ఇంకా మెట్లు. సగం దూరంలోనే నా మోకాళ్లు మొరాయించాయి. పూలమ్ముకునే ఒక ముసలామె తన గొడుగు కిందికి జరిగి చోటిచ్చింది.

"కూసో బిడ్డా, ఆరాంగ పో. గుట్ట యాడికీ ఉర్కదు."

సీసాలో నీళ్లిచ్చింది. పది రూపాయలివ్వబోతే "నీళ్లకు పైసలా? తౌబా!" అని చెంపలేసుకుంది. అందుకని మూర పూలు కొన్నాను. చర్చికెళ్లే దాన్ని, దర్గా మెట్ల మీద మల్లెపూలు పట్టుకుని కూర్చున్నాను. పైకి వెళ్లలేకపోయాను. అక్కడే కళ్లు మూసుకుని నా ప్రార్థన నేను చేసుకున్నాను. అడిగింది ఒకటే. తప్పు నాదైతే ఇంటికెళ్లి ఆయన మొహం చూసి చెప్పే ధైర్యం ఇమ్మని.

అప్పుడే ఫోను మోగింది. ఆయనే.

"తిన్నావా?"

"తిన్నానండీ. మీరు?"

"తిన్నాను. కొబ్బరి పచ్చడి చేసుకున్నాను. ఎప్పుడొస్తావు?"

"ఎల్లుండి పొద్దుటికి."

"సరే. జాగ్రత్త." అంతే. ఫోను పెట్టేశాను. రూతు నా చేతిలో పూలు తీసి తలలో తురిమింది.

తార్నాకలో సెట్ దోశ

ఆ మర్నాడు పొద్దున్నే స్వరూప ఫోన్ చేసి మెట్రో స్టేషన్ దగ్గర టిఫిన్ సెంటరుకి రమ్మంది. నిలబడి తినే బల్లలు. నలభై రూపాయలకి సెట్ దోశ, అంటే మెత్తని చిన్న దోశలు మూడు ఒకదాని మీద ఒకటి. చట్నీ పల్లీలది. కొబ్బరి ఏదని అడిగితే గల్లాపెట్టె దగ్గర కుర్చీలో ఉన్నాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ముందు చెప్పు తల్లీ. నాకు ముద్ద దిగదు" అన్నాను.

"చెప్త. గిట్ల చూడున్రి." ప్లేటు మధ్యకి లాగింది. "గీ మూడు దోశలు భూమి పొరలు. అడుగుది పాతది, పైది కొత్తది. మీ కోనసీమల గిట్లనే పండుకొని ఉంటయ్. కానీ కొండలు లేచే కాడ భూమి పక్క నుంచి నూకుతది." స్పూనుతో దోశల్ని ఒక పక్కనుంచి నెట్టింది. ముడత పడ్డాయి. ఇంకా నెట్టింది. మధ్యలో పుటుక్కున తెగి, ఒక సగం రెండో సగం మీదికెక్కి కూర్చుంది. "ఇప్పుడు పైకెళ్లి కిందికి పొడుచుకుంట పోతే ఏమొస్తది?"

నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. మీదికెక్కిన సగంలో అడుగు దోశ. దాని కింద రెండో సగంలోని పై దోశ. ఇంకా కింద మళ్లీ అడుగు దోశ.

పాతది, కొత్తది, మళ్లీ పాతది.

"మీ సీసలల్ల గిదే వరుస ఉన్నది ఆంటీ. పైన బూడిద రంగు సున్నపురాయి, చానా పాతది. కింద ఎర్ర మట్టిరాయి, కొత్తది. దాని కింద మల్ల సున్నపురాయి. పై సున్నపురాయికి, ఎర్రరాయికి నడుమ కాడ ఒక సీసల రాయి నలిగి నున్నగ మెరుస్తున్నది. పాత రాయి కొత్త రాయి మీద రాసుకుంట ఎక్కిన చోటు గది. మా సారుకు గూడ చూపిచ్చిన. అంకుల్ సంచులు కలపలే. కొండనే అట్లున్నది."

నా చేతిలో ముక్క ప్లేటులో పడింది. ముప్పై ఏళ్లు! ఇంత చిన్న సంగతి. నలభై రూపాయల దోశలో తేలిపోయే సంగతి.

"మరి మేక?" అన్నాను.

స్వరూప ఫోన్లో ఫోటో తెరిచి రెండు సీసాల మీద వేలు పెట్టింది. "అబద్ధం చెప్పను ఆంటీ. ఆ నలిగిన రాయి సీస, దాని కింద ఉండాల్సిన సీస, గీ రెండు తారుమారైనయ్. నలిగింది సరిగ్గ నడుమల ఉండాలె, ఒక మెట్టు కిందికి పోయింది. గంతే. మీ మేక చేసింది గా రెండే. అంత లోతు బావిల గదొక లెక్కనే గాదు."

ఆ రెండూ నావే. మిగతా నలభై కొండవి. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. పక్క బల్ల దగ్గర కోచింగు పిల్లలు తినడం మానేసి చూశారు.

"వాళ్లు సంచుల్ని నమ్మి ఉంటే ఆయిల్ దొరికేదా?" అని అడిగాను.

స్పూనుతో మీది సగాన్ని కొంచెం ఎత్తింది. కింద పల్లీ చట్నీ చిక్కుకుని ఉంది. "పైన మూత వడ్డది చూడున్రి, చట్నీ యాడికీ పోలే. గందుకే గసోంటి కొండల కింద ఆయిల్ కోసం, గ్యాస్ కోసం ఎతుకుతరు. కొన్ని దేశాలల్ల దండిగ దొరికింది. కొన్ని కాడ మూత పగిలి ఎప్పుడో కారిపోయింది. మన కొండలల్ల ఏమున్నదో ఇంకా పూర్తిగ ఎవ్వరికీ తెల్వది. పైన చూస్తే ఒక తీరు, లోపల ఇంకో తీరు. మీ బావిల ఉండెనా అంటే నేను చెప్పలేను. కానీ గా కొండ లోపల ఎట్లున్నదో నా చేతికి దొరికిన సాక్ష్యం గీ డబ్బ ఒక్కటే."

తర్వాత కొంచెం మొహమాటంగా అడిగింది, ఒక్కో సీసాలోంచి చిటికెడు ఉంచుకోవచ్చా అని. తన థీసిస్‌లో వాడుకుంటుందట. "కింద అంకుల్ పేరు రాస్త. ఎవరు పట్టిన శాంపిలో రాయాలె గదా."

"దానియేలు అని రాయమ్మా. దకారానికి దీర్ఘం మర్చిపోకు" అన్నాను. టీచరు బుద్ధి పోదు కదా.

డిపార్ట్‌మెంటులో డబ్బా తీసుకుని బస్సులో తిరిగి వస్తుంటే తార్నాక అంతా నాకు చుట్టాల ఊరిలా కనిపించింది. రెండు కిలోల ద్రాక్ష కొన్నాను. ఇంటికొచ్చేసరికి సగం నలిగిపోయింది, అది వేరే సంగతి.

రాజోలు

పొద్దున్నే బస్టాండులో ఆయన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నారు. డబ్బాని కేరేజీ మీద పెట్టి తాడుతో కట్టారు. కట్టిన తీరు చూస్తేనే నాకు అనుమానం వచ్చింది. డబ్బా ఎక్కడిదని అడగని మనిషి, లోపల గాజు సీసాలున్నట్టు కింద తన తువ్వాలు మడతపెట్టి మరీ కట్టారు.

ఇంటికొచ్చి కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. మౌలాలి మెట్ల మీద అడిగిన ధైర్యం అప్పుడు పనికొచ్చింది. ముందు మేక సంగతి చెప్పాను. తర్వాత దోశ సంగతి. దోశలు లేవు కాబట్టి మంచం మీది మూడు దుప్పట్లు మడిచి పేర్చి, పక్కనుంచి నెట్టి చూపించాను. ఆయన ముందుకి వంగి చూశారు.

"ఇంకోసారి నెట్టు" అన్నారు.

నెట్టాను. పాత దుప్పటి కొత్త దుప్పటి మీదికెక్కింది. వేళ్లతో అంచులు తడిమి, పైనుంచి కిందికి లెక్కపెట్టుకున్నారు. పెదవులు కదులుతున్నాయి. "నా చేత్తో పట్టాను కదా సువర్ణా. సున్నపురాయి, ఎర్రరాయి, మళ్లీ సున్నపురాయి. ఆ సారు అన్నాక నా చేతుల్నే నేను నమ్మలేకపోయాను" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన కంట తడి నేను చూడటం మా అత్తగారు పోయిన రోజు తర్వాత ఇదే.

"నన్ను క్షమించండి. ఆ రెండూ నేను తారుమారు చేసినవే" అన్నాను.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"సంచి మూల నమిలేసి ఉంది కదే. మేక నమిలిందని తెలియదా నాకు? నలిగిన రాయి చేతికి తగిలితే తెలియదా? సీసాలు నింపేటప్పుడే చూశాను." కాఫీ గ్లాసు కింద పెట్టారు. "పిల్లాడికి జ్వరం, నీ మొహం పీక్కుపోయి ఉంది. అప్పుడు అడగబుద్ధి కాలేదు. మర్నాడు సరిచేద్దామనుకునేసరికి సంచులు జీపెక్కేశాయి. సారు అడిగితే చీటీలు నేనే రాశానని చెప్పాను."

"ముప్పై ఏళ్లు నాకెందుకు చెప్పలేదండీ!" కోపం ఎక్కడినుంచి వచ్చిందో, గట్టిగా అరిచాను.

"నువ్వు మర్చిపోయావనుకున్నాను. గుర్తు చేసి బాధపెట్టడం ఎందుకని." అటక వైపు చూసి అన్నారు, "మొన్న అటక మీద డబ్బా లేకపోయేసరికి అర్థమైంది, మర్చిపోలేదని."

ఆయన డబ్బా మూత తీసి సీసాలన్నీ గుమ్మం ముందు వరండాలో వరసగా పేర్చారు. పదిహేడోదీ పద్దెనిమిదోదీ చేతిలోకి తీసుకుని, వెలుగులో ఒకసారి తిప్పి చూసి, ఒకదాని చోట ఇంకోటి పెట్టారు. పాత చీటీలు పీకేసి పెన్నూ కాగితమూ నా ముందుకి జరిపారు.

"కొత్త చీటీలు నువ్వే రాసిపెట్టు. నా దస్తూరీ నాకే అర్థం కాదు."

నేను రాయడం మొదలుపెట్టాను. ఆయన లేచి వెళ్లి, వీధి గేటుకి గొళ్లెం పెట్టి, దానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నారు. శాంతమ్మ వాళ్ల మేక అటుగా వచ్చి కమ్మీల్లోంచి లోపలికి తొంగిచూసింది.

"ఎక్కడికే?" అన్నారు దానితో. "ఆవిడ రాసుకుంటోంది. పో."